నొయ్యల్ అవతలి స్కాన్

సీమంతంలో వళైకాప్పు జరిగి చేతుల నిండా గాజులు పడిన మరునాటి నుంచి చారులత లోకానికి నొయ్యల్ ఏరే పొలిమేర. ఆ పొలిమేర గీసింది సర్కారు కాదు, ఆమె నాయనమ్మ రంగమ్మాళ్. గాజులు తొడిగించుకున్న చూలాలు కాన్పు అయ్యేదాకా ఏరు దాటకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. రంగమ్మాళ్‌కు వాళ్ళ అత్తగారు చెప్పారు, రంగమ్మాళ్ తన కోడలు పరమేశ్వరికి చెప్పింది, ఇప్పుడు పరమేశ్వరి కూతురు చారులత వంతు వచ్చింది. ఇంట్లో ఇంతవరకు కాన్పులన్నీ సుఖంగా జరిగాయి. ఎందుకు జరిగాయయ్యా అంటే, ఎవరూ ఏరు దాటలేదు కాబట్టి. ఇంతకంటే రుజువు ఇంకేం కావాలో చెప్పమనేది రంగమ్మాళ్. ఆవిడ అడిగే తీరు చూస్తే ఎవరికీ చెప్పబుద్ధి అయ్యేది కాదు.

తరాలుగా తమిళ ఊళ్ళో ఉంటున్న తెలుగువాళ్ళు వాళ్ళు. ఇల్లు పోదనూరులో, రైల్వే కాలనీ వెనక వీధిలో. చారులత అత్తవారి ఇల్లు ఆర్.ఎస్. పురంలో, ఆఫీసు పీలమేడులో. రెండూ ఏటికి అవతలే. అందుకని ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి మారింది, కాన్పు కోసం ఇవతలి ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రి కుదిరింది. ఆ ఆసుపత్రిని రంగమ్మాళే ఎంపిక చేసింది. డాక్టరు పేరు అడగలేదు, చదువు అడగలేదు, దారిలో వంతెన ఉందా అని మాత్రం అడిగింది.

చారులత భర్త రాజ్‌మోహన్ పంపుల కంపెనీలో ఇంజనీరు. ఆదివారం ఆదివారం పెళ్ళాన్ని చూడటానికి ఏరు దాటి వచ్చేవాడు. మగవాళ్ళు దాటవచ్చు, వాళ్ళు ఏం దాటినా అడిగేవాళ్ళు లేరు. వచ్చిన ప్రతిసారీ అవ్వతో వాదన పెట్టుకోకపోతే అతనికి కాఫీ దిగేది కాదు.

“అవ్వా, మీరు ఏరు ఏరు అంటారు. దాంట్లో నీళ్ళు ఎక్కడుండాయి? అది ఏరే కాదు, సాక్కడై. మురుక్కాలవ దాటేదానికి ఏమి దోషం?”

“నీళ్ళు లేకపోతే ఏరు కాకుండా పోతుందా మాపిళ్ళా?” అంది రంగమ్మాళ్, అల్లుడి హోదాకు తగ్గ మర్యాదతో. “మీ తలలో వెంట్రుకలు లేవు. అట్లని దాన్ని మేము తల కాదంటిమా?”

చారులత నవ్వి నవ్వి పొట్ట పట్టుకునేది. లోపలి బిడ్డ కూడా ఊరుకునేది కాదు, ఒక తాపు తన్నేది. పొట్ట మీద పెట్టుకున్న కాఫీ గ్లాసు ఊగేది. ఆ గ్లాసు ఊగడం చూడటం రంగమ్మాళ్‌కు రోజూ పొద్దున జరిగే వేడుక.

ఆ ఆదివారం గ్లాసు ఊగలేదు.

రంగమ్మాళ్ మొదట పట్టించుకోనట్టే ఉంది. ఇడ్లీలు పెట్టమని కోడలికి చెప్పింది. చారులత ఒక ఇడ్లీ తుంచి పక్కన పెట్టింది. రాజ్‌మోహన్ వచ్చాడు, ఏరూ సాక్కడై అని మొదలుపెట్టాడు, చారులత నవ్వలేదు. ఊయల బల్ల మీద కూర్చుని పొట్ట మీద అరచెయ్యి ఆనించి నేలకేసి చూస్తూ ఉంది. రంగమ్మాళ్ ఆమె పక్కన కూర్చుంది. మనవరాలిని ఆవిడ ముద్దుగా ‘కన్ను’ అనే పిలుస్తుంది.

“ఏమి కన్ను, ఏల అట్ల ఉండావు?”

“అవ్వా, నిద్ర లేచిందాని నుంచి పాప కదల్లా.”

వంటింట్లోంచి పరమేశ్వరి గరిటెతోనే వచ్చేసింది. చల్లటి నీళ్ళు తాగించారు, తీపి పెట్టారు, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. రంగమ్మాళ్ మనవరాలి పొట్ట మీద చెయ్యి పెట్టి, “ఏమి సామీ, నిద్రపోతా ఉండావా? అవ్వ వచ్చింది, లెయ్యి” అని పిలిచింది. రోజూ ఆ పిలుపుకే లోపల గందరగోళం మొదలయ్యేది. ఇవాళ చేతి కింద ఏమీ తెలియలేదు. రంగమ్మాళ్ చెయ్యి తీయలేదు. తీస్తే ఏదో ఒప్పుకున్నట్టు అవుతుందని ఆమెకు భయం.

రాజ్‌మోహన్ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. డాక్టరమ్మ గొంతు స్పీకర్లో అందరికీ వినిపించింది. “ఇంట్లో కూర్చుని కాచుకోవద్దు. మా స్కాన్ డాక్టర్ ఇవాళ ఊళ్ళో లేరు. ఆర్.ఎస్. పురంలో ప్రైవేట్ స్కాన్ సెంటర్ ఒకటి ఆదివారం కూడా తెరిచి ఉంటుంది, నేను వాళ్ళకు చెప్తాను. ఇప్పుడే బయలుదేరండి.”

ఆర్.ఎస్. పురం అంటే ఏటికి అవతల. ఫోన్ పెట్టేశాక అందరి చూపూ రంగమ్మాళ్ మీదికే తిరిగింది. పరమేశ్వరి మెల్లగా, “ఎట్నైనా చుట్టి పోయేదానికి అవుతుందా?” అంది. అవదని ఆమెకే తెలుసు. ఏటిని ఎటు నుంచి చుట్టినా ఎక్కడో ఒకచోట దాటక తప్పదు. రాజ్‌మోహన్ గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళ వాదన ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. అవసరమైతే అవ్వ కాళ్ళ మీద పడటానికి కూడా సిద్ధమయ్యాడు.

రంగమ్మాళ్ లేచి నిలబడింది. “నా చెప్పులు ఏడ?” అంది.

అందరికంటే ముందు వెళ్ళి కారెక్కి కూర్చుంది. పాపం, రాజ్‌మోహన్ మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

కారు పోదనూరు దాటి వంతెన వైపు మళ్ళింది. వెనక సీట్లో చారులతకు ఒక పక్క తల్లి, మరో పక్క అవ్వ. రంగమ్మాళ్ రెండు చేతులూ మనవరాలి పొట్ట మీదే ఉన్నాయి. ఆవిడ మొండిది, కానీ తెలివితక్కువది కాదు. ఒక ఏటికీ లోపలి బిడ్డకీ ఏమిటి సంబంధం అని ఎవరైనా నిలదీస్తే ఆమె దగ్గర జవాబు లేదు. కానీ కంటికి కనబడని బిడ్డ కోసం బయటివాళ్ళు చేయగలిగింది ఏముంది? చీర కప్పలేరు, పాలు పట్టలేరు, దిష్టి చుక్క పెట్టలేరు. ఏదో ఒక నియమం పట్టుకుని వేలాడటం ఒక్కటే వాళ్ళ చేతిలో ఉంది. ఇన్నేళ్ళూ ఆవిడ పట్టుకున్నది అదే, ఇవాళ దాన్ని వదిలేసి కారెక్కింది.

వంతెన ఎక్కుతుండగా చారులతతో, “కన్ను మూసుకో” అంది.

“ఏల అవ్వా?”

“మూసుకో అంటిని కదా.”

చారులత కళ్ళు మూసుకుంది. రంగమ్మాళ్ మాత్రం కళ్ళు బాగా తెరుచుకుని కిటికీలోంచి కిందికి చూసింది. కింద నల్లటి నీళ్ళు, గుర్రపుడెక్క, చిక్కుకుపోయిన ప్లాస్టిక్ సంచులు. ఆ నీళ్ళకే ఆవిడ దణ్ణం పెట్టింది. “తల్లీ, దానికి ఏమీ తెలియదు, కన్ను మూసుకుని ఉండాది. పిలుచుకుని పోతా ఉండేది నేను. తప్పంటే నా తప్పు. నన్ను ఏమైనా చెయ్యి, బిడ్డను మాత్రం ఉండనీ.”

ఏటి తల్లి విన్నదో లేదో కానీ సరిగ్గా వంతెన నడిమధ్య కారు ఆగిపోయింది. ముందు ఒక టౌన్ బస్సు అడ్డంగా నిలిచి ఉంది, డ్రైవరు కిందికి దిగి ఎవరో ఆటోవాడితో తగాదా పడుతున్నాడు. రాజ్‌మోహన్ హారన్ కొట్టాడు, ఎవరూ కదల్లేదు. దాటడమే తప్పు అనుకుంటే ఏటి నెత్తిన ఇలా నిలబడి ఉండటం ఇంకెంత తప్పో రంగమ్మాళ్‌కు తెలియలేదు. ఆవిడ అద్దం దించి తల బయటపెట్టి తమిళంలోకి దిగింది.

“అన్నో! వండియ ఎడుంగ! పిళ్ళత్తాచ్చి ఉళ్ళ ఇరుక్కుదు!”

కారులో కడుపుతో ఉన్న పిల్ల ఉంది, బండి తియ్యమని ఆ కేక. కేక విన్న డ్రైవరు తగాదా సగంలో వదిలేసి బస్సెక్కాడు. అతనితో తగాదా పడుతున్న ఆటోవాడు కూడా ఆటో తీసి, చెయ్యి ఊపి, కారుకు దారి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి వెనక ఉన్న మోటారు సైకిళ్ళను పక్కకు తోశారు. ఆ ఊళ్ళో దేనికి దారి ఇవ్వకపోయినా ఆ మాటకు దారి ఇస్తారు.

స్కాన్ సెంటర్లో గోడ మీద పెద్ద బోర్డు ఉంది, పుట్టబోయేది ఆడా మగా చెప్పడం నేరమని. లోపలికి పేషెంటుతో ఒక్కరే రావాలని రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. రాజ్‌మోహన్ ముందుకు అడుగువేశాడు. అప్పటికే రంగమ్మాళ్ మనవరాలి చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పట్టు చూసి అతను వెనక్కి జరిగాడు.

“అవ్వా, మీరు పోండి” అన్నాడు. “చూసి నాకు చెప్పండి.”

వెంట్రుకలు లేని తల అని ఇన్నాళ్ళూ ఆట పట్టించిన ఆ అల్లుడి మీద రంగమ్మాళ్‌కు జాలి వేసింది. అతని చెంప మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళింది.

గదిలో చీకటి, ఏసీ చలి. డాక్టరు నడివయసు ఆవిడ, నెమ్మదైన మనిషి. చారులతను పడుకోబెట్టి పొట్ట మీద చల్లటి జెల్ రాస్తూ, అవ్వ వైపు తిరిగి, అలవాటు ప్రకారం, “పాట్టీ, ఆడా మగా అని నన్ను అడగకూడదు” అంది.

“నేను అదా అడిగితిని?” అంది రంగమ్మాళ్. “ఉండాదా అని చెప్పు తల్లీ. అంతే చాలు.”

డాక్టరు స్కాన్ పరికరాన్ని పొట్ట మీద అటూ ఇటూ జరుపుతూ తెర వైపు చూసింది. రంగమ్మాళ్ కూడా చూసింది. బూడిదరంగు పొగ తప్ప ఆమెకేమీ కనబడలేదు. చారులత తెర చూడలేదు, అవ్వ ముఖమే చూస్తూ ఉంది. ఆ ముఖంలో ఏం కనబడితే అది నిజం అన్నట్టు చూస్తూ ఉంది. రంగమ్మాళ్ ముఖంలో ఏమీ బయటపడనీయకుండా నిలబడింది.

డాక్టరు ఏదో బటను నొక్కింది. గది నిండా చప్పుడు. ఎవరో దర్జీ ఆపకుండా కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకమని, గబగబా, ధైర్యంగా.

“ఇదే పాప గుండె” అంది డాక్టరు. “బాగా కొట్టుకుంటోంది.”

రంగమ్మాళ్ ఏడ్చేసింది. ఆపుకోవాలని చూడలేదు కూడా. కొంగు నోట్లో కుక్కుకుని, మనవరాలి తల మీద తల ఆనించింది, ఇద్దరూ కలిసి ఏడ్చారు. డాక్టరు ఇంకా చాలాసేపు స్కాన్ చేసింది. రక్తప్రసరణ బాగుంది, ఉమ్మనీరు సరిపడా ఉంది, బరువు సరిగ్గా ఉంది అని ఒక్కొక్కటే చెప్పింది. బిడ్డ పిడికిలి ముఖానికి అడ్డం పెట్టుకుని నిద్రపోతోంది. డాక్టరు ఆ పరికరంతో పొట్టను మెల్లగా కదిపింది. తెర మీద పొగలో ఏదో జరిగింది, చారులత “అమ్మా” అని అరిచింది. ఆ అరుపులో నొప్పి లేదు, సంతోషం ఉంది. పొట్ట పక్కన ఆనించిన రంగమ్మాళ్ చేతికి కూడా ఆ తాపు తగిలింది.

“దొంగ సామి” అంది రంగమ్మాళ్. “ఇంతమందిని ఏడిపించి నువ్వు నిద్రపోతివా?”

డాక్టరు నవ్వుతూనే గట్టిగా చెప్పింది. “మళ్ళీ ఎప్పుడైనా కదలిక తగ్గినట్టు అనిపిస్తే ఇట్లాగే వెంటనే రావాలి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లారనీ అనుకోవద్దు. ఎల్లుండి ఇంకోసారి చూస్తాను. దగ్గర్లో ఉంటే మంచిది.”

బయట రాజ్‌మోహన్‌కు చెప్పడానికి రంగమ్మాళ్ ఆత్రంగా ఎదురెళ్ళింది. పిడికిలి ముఖానికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసి, బిడ్డ ఎలా పడుకుందో చేసి చూపించింది. అతను గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పరమేశ్వరి మాత్రం అక్కడే కనిపించిన పెరుమాళ్ పటానికి చెంపలు వేసుకుంది.

ఇంటికి బయలుదేరారు. కారు వంతెన దారి పట్టి ఉక్కడం వైపు తిరగబోతుంటే వెనక సీట్లోంచి కేక వినబడింది.

“నిలుపండి మాపిళ్ళా. ఎక్కడికి పోతా ఉండారు?”

“ఇంటికి అవ్వా. పోదనూరుకు.”

“మళ్ళీ ఏరు దాటేదానికా? వచ్చేటప్పుడు బిడ్డ కోసం దాటితిమి, అది సరి. ఇప్పుడు దేనికి దాటేది? ఎల్లుండి మళ్ళీ రావాలంట. అంటే పోయేది ఒకసారి, వచ్చేది ఒకసారి. ఏటి తల్లి ఒక తూరి ఓర్చుకుంది, మూడు తూర్లు ఓర్చుకుంటుందా?”

భయం తీరగానే ఆవిడకు ఆవిడ కట్టుబాట్లు తిరిగి వచ్చేశాయి. అందరికీ అది చూసి ప్రాణం లేచివచ్చింది. రాజ్‌మోహన్ మనసారా నవ్వాడు. “అయితే మా ఇంటికి పోదామా? రెండు వీధుల అవతలే.”

పరమేశ్వరి కంగారు పడింది. “అత్తా, వాళ్ళింట్లో మనం ఎట్ల ఉండేది?”

దానికీ ఒక కట్టుబాటు ఉంది మరి. అమ్మాయికి బిడ్డ పుట్టేదాకా పుట్టింటి పెద్దలు అల్లుడి ఇంట చెయ్యి తడపరు. పెళ్ళయిన నాటి నుంచి రంగమ్మాళ్ ఆ ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళింది. కుర్చీ అంచున కూర్చోవడం, కుంకుమ పెట్టించుకోవడం, రావడం. మంచినీళ్ళు కూడా తాగలేదు. రాజ్‌మోహన్ తల్లి తిరుమలమ్మాళ్ ప్రతిసారీ కాఫీ కలిపి తెచ్చేది, ప్రతిసారీ ఆ కాఫీ చల్లారిపోయేది. తిరుమలమ్మాళ్‌కు కూడా ఆ కట్టుబాటు తెలియనిది కాదు. అయినా చల్లారిన గ్లాసు లోపలికి తీసుకెళ్ళేటప్పుడు ఆమె ముఖం చిన్నబోయేది. రంగమ్మాళ్ అది చూసేది, చూడనట్టు ఉండేది.

“అమ్మాయిని విడిచిపెట్టి నేను పోను” అంది రంగమ్మాళ్. “పోనీండి మీ ఇంటికే.”

తిరుమలమ్మాళ్ వాకిట్లోనే నిలబడి ఉంది. కొడుకు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి లోపలికి వెళ్ళలేదు. కోడలిని కావలించుకుని, లోపలికి తీసుకెళ్ళి, ఫ్యాను కింద కూర్చోబెట్టింది. ఉన్నపళంగా వచ్చినవాళ్ళకు ఆ ఊళ్ళో ఎవరైనా చేసేది అరిసి పరుప్పు సాదమే. బియ్యం, కందిపప్పు కలిపి కుక్కర్లో పెట్టింది. ఇల్లంతా వెల్లుల్లి, మిరియం వాసన కమ్ముకుంది. కొడుక్కీ కోడలికీ కంచాలు పెట్టింది. తర్వాత రంగమ్మాళ్ వైపు తిరిగి, మర్యాదగానే, కానీ కొంచెం బిగువుగా అడిగింది.

“పెద్దమ్మా, మీకూ పరమేశ్వరికీ హోటల్ నుంచి తెప్పించమందునా? మా ఇంట్లో మీరు తినరు కదా.”

రంగమ్మాళ్ కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. “నా తట్ట ఏదీ?” అంది.

తిరుమలమ్మాళ్ చేతిలో గరిటె ఆగింది. “బిడ్డ పుట్టాల కదా పెద్దమ్మా.”

“పుట్టేదంటే ఏమి?” అంది రంగమ్మాళ్. “మన కంటికి కనబడేది, మన చెవికి వినబడేది, మనల్ని తన్నేది. మూడూ అయిపొయ్యె. నేను నా చెవులారా వింటిని. ఇంకా పుట్టలేదని నాకు చెప్పేది ఎవరు?”

తిరుమలమ్మాళ్ కంచం తెచ్చి పెట్టింది, ఆవిరి పోతున్న సాదం వడ్డించింది. రంగమ్మాళ్ మొదటి ముద్ద కలిపింది. నోటిదాకా తెచ్చి మళ్ళీ కంచంలో పెట్టేసింది.

“పొద్దున నుంచి గొంతులో గుక్కెడు నీళ్ళు దిగల్లా” అంది మెల్లగా. “బిడ్డ లేదని చెప్తారేమో అనుకుంటిని. చాలా భయపడిపోతిని.”

“నేనూ పెద్దమ్మా” అంది తిరుమలమ్మాళ్. “ఎవరికి చెప్పేది? ఇంట్లో ఒక్కదాన్నే ఉంటిని.”

ఆ వెంటనే తిరుమలమ్మాళ్ ఆశగా అడిగింది. “ముఖం కనబడిందా? ఎట్ల ఉండాది?”

ఆ పొగలో ముక్కేదో మోకాలేదో రంగమ్మాళ్‌కు తెలిస్తే కదా. ముఖానికి అడ్డంగా పిడికిలి ఉందని డాక్టరు చెప్పిన మాట ఒక్కటే ఆమెకు తెలుసు. చారులత తల ఎత్తి అవ్వ వైపు చూసింది.

“కనబడకుండా ఏమి?” అంది రంగమ్మాళ్. “ముక్కు నీదే. అచ్చం నీ ముక్కు.”

తిరుమలమ్మాళ్ నెయ్యి తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. వచ్చేటప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో నెయ్యి లేదు. మళ్ళీ వెనక్కి తిరగబోతుంటే రంగమ్మాళ్ ఎడం చేత్తో ఆమె కొంగు పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

“నెయ్యి ఉండనీ కన్ను” అంది. “నువ్వు కూడా నాతో తిను.”